ఎర్ర చుక్క కుళాయి

మెక్సికోలో అమెరికా సరిహద్దున ఉన్న మా మెహికాలికి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు నేను మొదట చూపించేది స్నానాలగది. ఎండ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, బస్సు దిగగానే వాళ్లకే తెలుస్తుంది. కుళాయిల సంగతి మాత్రం చెప్పాలి. మే నెల వచ్చిందంటే మా ఊళ్లో కుళాయిలు తారుమారవుతాయి. నీలం చుక్క ఉన్న కుళాయికి నీళ్లు మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి నేరుగా వస్తాయి, ఆ ట్యాంకు పొద్దస్తమానం ఎండలో ఉడుకుతుంది. అందుకని వేసవిలో గ్యాస్ బాయిలర్ మంట ఆర్పేస్తాం. బాయిలర్ వంటింటి వెనక నీడలో ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు చల్లబడతాయి. ఇక చలికాలం దాకా ఎర్ర చుక్క కుళాయే మాకు చన్నీళ్ల కుళాయి.

మా ఇంట్లో దీనికి తేదీలున్నాయి. మే మూడున, శిలువ పండుగ నాడు మంట ఆర్పాలి. నవంబరు రెండున, పోయినవాళ్ల పండుగ నాడు మళ్లీ వెలిగించాలి. నాన్న పెట్టిన పద్ధతి. ఆయన పోయాక కూడా అమ్మ ఒక్క ఏడాది తప్పలేదు. తమ్ముడుండిన గది ఇప్పుడు అద్దెకిస్తున్నాను గనక వచ్చినవాళ్లందరికీ ఈ తేదీలు కూడా చెబుతాను. ఒక ఏడాది ఆ తేదీ తప్పిందని మాత్రం వాళ్లెవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది మే నెలాఖరున మా తమ్ముడు, పేరు ఎవారిస్తో, పెళ్లాన్నీ ఐదు నెలల కూతుర్నీ తీసుకుని వచ్చాడు. రెండేళ్లు దక్షిణాన కొండల్లో రోడ్డు పనికి పోయి, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. మరదలి పేరు సెనాయిదా, ఇరవై ఒక్కేళ్లు. పాప పేరు రొసీయో. టాక్సీ దిగి తలుపు వెయ్యబోయి సెనాయిదా కెవ్వుమంది. ఇనుప పిడి చెయ్యి కాల్చింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఇది ఎండా? ఇంకా మే నెలేనమ్మా. జూలైలో ఏం చేస్తావు?" అంది.

ఆ పిల్లని చెయ్యి పట్టుకుని స్నానాలగదికి తీసుకుపోయింది నేనే.

"ఇది ఏ చుక్క?"

"ఎర్ర చుక్క వదినా. వేడినీళ్లు."

"తప్పు. ఇక్కడ ఎరుపంటే చలవ. నీలమంటే మంట. చెప్పు."

"ఎరుపంటే చలవ. నీలమంటే మంట." అప్పజెప్పి కుళాయి వైపు చూసింది. "ఇలా ఎందుకు వదినా?"

"ఎందుకో మీ ఆయన్ని అడుగు, ఈ ఊరు వాడి ముత్తాతలు కట్టిందే. చంటిదానికి మాత్రం ఎప్పుడూ ఎర్రదే తిప్పు. నీలందాని జోలికి పోకు. పోయిన ఏడు ఎదురింటివాళ్ల కుక్కపిల్ల చచ్చిపోయింది నీలం నీళ్లు పోస్తే."

కుక్కపిల్ల సంగతి అబద్ధం. కొత్తవాళ్లను భయపెట్టడం మా ఊళ్లో అందరికీ సరదా, నాకు ఇంకొంచెం ఎక్కువ. ఆ పిల్ల ముఖం తెల్లబోవడం చూసి లోపల నవ్వుకున్నాను.

ఆ తర్వాత వారం రోజులు నేర్పాను. చెప్పులు దులపకుండా కాలు పెట్టకు, తేళ్లుంటాయి. కూలర్ నడిచేటప్పుడు కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచు, లేకపోతే ఇల్లంతా ఉక్కపోత. దాహం వెయ్యకపోయినా తాగు. చెమట ఆగిపోతే అరిచి నన్ను పిలువు. సరిహద్దు కంచె దగ్గర వీధిలో నిలబడి అటువైపు చూడకు, అక్కడ పోలీసులు ఎందుకు చూస్తున్నావని అడిగితే నీకు జవాబు రాదు. సెనాయిదా అన్నిటికీ తలూపేది. మర్నాడు అప్పజెప్పమంటే ఒక్క మాట పోకుండా అప్పజెప్పేది.

"మీ ఊళ్లో వాన ఎన్నాళ్లు పడుతుందే?" అని అమ్మ అడిగితే, "ఎన్నాళ్లు ఆగుతుందని అడగండి అత్తయ్యా" అంది ఒకసారి. ఆ వేసవి మొత్తంలో ఆ పిల్ల వేసిన హాస్యం అదొక్కటే.

జూలైలో యాభై డిగ్రీలు దాటింది. కరెంటు పోయిన మధ్యాహ్నాలు సెనాయిదా పాపని తడిబట్టలో చుట్టుకుని బాయిలర్ పక్కన గచ్చు మీద కూర్చునేది. బయట పక్షి అరుపు కూడా ఉండేది కాదు. "వదినా, పాప ఊపిరి తీస్తోందా? మీరోసారి చూడండి" అని నా చేతికిచ్చేది. నాకు పిల్లల్లేరు. పెళ్లయింది, పోయింది, ఆ గొడవ ఇక్కడొద్దు. తడిబట్టలో ఆ చిన్న వీపు నా గుండెకు తగిలితే తిరిగి ఇవ్వబుద్ధి అయ్యేది కాదు. ఊపిరి బాగానే తీస్తోందని తెలిసినా, "ఉండు, చూస్తాను" అని ఇంకాసేపు ఉంచుకునేదాన్ని.

సెప్టెంబరులో తమ్ముడు అవతలి దేశంలో ఖర్జూరం కోతలకు వెళ్లాడు. శనివారాలు మాత్రం వచ్చేవాడు. నేను కూడా అవతలే, కంచె దాటగానే ఉన్న బట్టల దుకాణంలో పనిచేసేదాన్ని. దాటడానికి నాకూ తమ్ముడికీ కాగితాలున్నాయి. సెనాయిదాకు లేవు. అమ్మ దాటడం మానేసి పదేళ్లయింది.

అక్టోబరు రెండో వారంలో పగళ్లు ఇంకా మండుతున్నా తెల్లవారుజాములు చల్లబడ్డాయి. ఆ గురువారం నేను నాలుగున్నరకు లేచి కాఫీ పెట్టుకుంటుంటే అమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఒదీలియా, మోకాళ్లు కొయ్యబారిపోయాయే. ఆ బాయిలర్ వెలిగించు, కాస్త వేణ్నీళ్ల కాపడం పెట్టుకుంటాను."

"ఇంకా మూడు వారాలుంది కదమ్మా పండుగకి."

"మీ నాన్న వచ్చి అడుగుతాడా? వెలిగించు."

వెలిగించాను. చిన్న అద్దం వెనక నీలం మంట నిలబడింది. సెనాయిదా గది తలుపు వేసి ఉంది. రాత్రంతా పాప పళ్లు వచ్చే బాధతో ఏడ్చింది. ఇప్పుడే పడుకున్నారు, లేపడం ఎందుకు, అమ్మ చెబుతుందిలే అనుకున్నాను. నేను చెబుతాననుకుందని అమ్మ తర్వాత అంది.

సరిహద్దు వరసలో గంటన్నర నిలబడ్డాక గుర్తొచ్చింది. నా ముందు ఒకావిడ సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని పిల్ల ముఖం కడుగుతోంది. 

"ఏమైందే, మొహం అలా పెట్టావు?" అంది నాతో పనిచేసే హసింతా.

"బాయిలర్ వెలిగించాను. మరదలికి చెప్పలేదు."

"ఫోను చెయ్యి మరి."

చేశాను. రెండుసార్లు మోగి ఆగిపోయింది. పడుకుని ఉంటుంది. అప్పటికి తనిఖీ గది తలుపు దగ్గరకొచ్చాం. లోపల ఫోన్లు ఆపేయాలి, వెనక్కి తిరిగితే మళ్లీ వరస చివరికి పోవాలి, ఆలస్యమైతే దుకాణంలో నోరు పారేసుకుంటారు. పాపకు నీళ్లు పోసేది మధ్యాహ్నం మూడింటికి కదా, నా ఫోను అవతల పనిచెయ్యదు, ఈలోపు దుకాణం ఫోను నుంచి చేస్తాలే అనుకుని లోపలికి నడిచాను.

ఆ రోజు నాకు మూడుసార్లు గుర్తొచ్చింది. పది గంటలకు గుర్తొస్తే యజమానురాలు ఫోను పక్కనే కూర్చుని ఉంది, అడగడానికి మొహమాటపడ్డాను. పదకొండున్నరకు గుర్తొస్తే చేతినిండా చొక్కాలున్నాయి. ఒంటిగంటకు గుర్తొస్తే ఇంకా రెండు గంటలుందిలే అనుకున్నాను. ఫోను నాకు పది అడుగుల దూరంలో ఉంది.

ఆ రోజు ముప్పై తొమ్మిది డిగ్రీలు కాసింది. పళ్ల జ్వరంతో పాప ఒళ్లు వేడెక్కితే సెనాయిదా పన్నెండింటికే నీళ్లు పోసింది.

నాలుగింటికి తిరిగొస్తుంటే మా వీధి మొదట్లో పక్కింటి ఫిదెన్సియా ఎదురొచ్చింది.

"ఎక్కడికి పోయావే? పాప కాళ్లు కాలిపోయాయి. మా ఆయన కారులో ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఆ అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి."

పరిగెత్తాను. ఇంట్లో అమ్మ ఒక్కతే వంటింట్లో కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతోంది. స్నానాలగదిలో ప్లాస్టిక్ తొట్టి బోర్లాపడి ఉంది. నేను ఏదో అడగబోయాను. అమ్మ నా వైపు చూడలేదు.

"ఆ మంట ఆర్పెయ్యి" అంది.

ఆర్పేశాను. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇంకో పని చేశాను. ఎర్ర చుక్క కుళాయి పూర్తిగా తిప్పి, బాయిలర్‌లో వేడంతా పోయేదాకా నీళ్లు వదిలేశాను. గది నిండా ఆవిరి కమ్మింది. మధ్యాహ్నపు ట్యాంకు నీళ్లు వచ్చి బాయిలర్‌లో చేరాయి, తెల్లారేసరికి చల్లబడతాయి. చెంబుడు నీళ్లయినా మొక్కకు పోస్తామే గాని పారబొయ్యని ఇంట్లో అన్ని నీళ్లు మోరీలోకి పోవడం నిలబడి చూశాను. అమ్మ జపమాల చప్పుడు ఆగలేదు.

ఆస్పత్రి వసారాలో సెనాయిదా గోడకానుకుని కింద కూర్చుని ఉంది. చెప్పులు లేవు. నన్ను చూడగానే నా మోకాళ్లు పట్టుకుంది.

"నేను ఎర్రదే తిప్పాను వదినా. మీరు చెప్పినట్టే. చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉన్నాయి. సబ్బు కోసం ఇటు తిరిగాను, అంతే. అంతలోనే..."

గొట్టంలో నిలిచిన చన్నీళ్లు ముందు వచ్చి, వెనక బాయిలర్ నీళ్లు వచ్చాయి. ఆమె అడుగుతున్నదానికి జవాబు నా దగ్గరుంది. నోరు తెరిచాను.

"కంగారులో గుర్తుండదులే" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నన్ను అనుమానించి కాదు, గుర్తు తెచ్చుకోవడానికి. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

తమ్ముడు ఆ సాయంత్రమే వచ్చి పడ్డాడు. మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు కుళాయిలూ తిప్పి చూశాడు. నేను గడప దగ్గర నిలబడి వాడి చేతులే చూశాను.

"అక్కా, ఎర్రది చల్లగా ఉంది. నీలంది చెయ్యి పెట్టనివ్వడం లేదు. దానికి కళ్లు లేవా? ఇన్ని నెలలుగా చెబుతున్నావు కదా నువ్వు!"

"కొత్త పిల్ల, పాపం" అంది అమ్మ, టోర్టియా రొట్టె పెనం మీద తిప్పుతూ. "వాళ్ల ఊళ్లో కుళాయిలెక్కడివి?"

అప్పుడొక్కసారి అమ్మ కళ్లూ నా కళ్లూ కలిశాయి. ఆ తర్వాత నెల దాకా ఆ సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

పాప రెండు వారాలకు ఇంటికి వచ్చింది. పాదాల నుంచి మోకాళ్ల దాకా కట్లు. నడక వస్తుందని డాక్టరమ్మ చెప్పింది, మచ్చలు మాత్రం పోవంది. గుమ్మం దాటకముందే తమ్ముడు పాపని నా చేతుల్లో పెట్టాడు.

"ఇకమీదట దీనికి ఒళ్లు తుడిచేదీ తినిపించేదీ నువ్వే అక్కా. దాన్ని ముట్టుకోనివ్వకు."

'దాన్ని' అంటే పెళ్లాన్ని. సెనాయిదా వెనకాలే మూట పట్టుకుని నిలబడి ఉంది, ఆ మాట విని తలూపింది.

నేను దుకాణంలో పని మానేశాను. పాప నాకు అలవాటుపడింది. పొద్దున్న లేవగానే నా కోసమే చేతులు చాచేది. నాకు సంతోషం వేసేది, ఆ వెంటనే దాని కాళ్ల కట్ల మీద చూపు పడేది. ఎవరైనా బాయిలర్ వైపు నడిస్తే చేతిలో పని వదిలేసి వెనకే వెళ్లేదాన్ని. హసింతా ఎదురై, "ఆ రోజు ఫోను అందిందా?" అని అడిగితే అందిందన్నాను. ఆమెకు ఇల్లెక్కడో తెలుసు. మా వీధిలోకి ఎప్పుడొస్తుందోనని పగలల్లా గుమ్మం వైపే చూసేదాన్ని.

సెనాయిదా మాత్రం కుళాయి అంటేనే వణికిపోయేది. గిన్నెలు తోమడానికి కూడా అడిగేది. "వదినా, ఏది తిప్పను?" ఎర్రది అనేదాన్ని. "ఎర్రదేనా? నిజంగా ఎర్రదేనా? నా చెయ్యి దేనిమీదుందో మీరొచ్చి చూస్తారా?" వెళ్లి చూసేదాన్ని. ఆమె చెయ్యి సరైన కుళాయి మీదే ఉండేది. అయినా వేళ్లు తిరిగేవి కావు. పొయ్యి వెలిగించడం మానేసింది. పాప ఏడిస్తే లేచి రెండడుగులు వేసి ఆగిపోయి, చేతులు వెనక్కి కట్టుకునేది.

నవంబరు రెండున అమ్మ నాన్న ఫోటో ముందు బంతిపూలు పెట్టి, అందరూ చూస్తుండగా బాయిలర్ వెలిగించింది. భుగ్గుమన్న చప్పుడుకి సెనాయిదా గోడకు అతుక్కుపోయింది. నేను ఫోటో వైపు చూడలేకపోయాను.

మరుసటి శనివారం తమ్ముడు భోజనం దగ్గర బస్సు టిక్కెట్టు బల్ల మీద పెట్టాడు. ఒకటే టిక్కెట్టు.

"గురువారం బస్సు. ఇది వాళ్లమ్మ దగ్గరికి పోతుంది. పాప ఇక్కడే ఉంటుంది, కట్లు మార్పించాలి కదా."

"ఎన్నాళ్లు?" అన్నాను.

"దీనికి బుద్ధి కుదిరేదాకా."

ఎన్నాళ్లో అందరికీ అర్థమైంది. సెనాయిదా తల వంచుకుని చిక్కుడుగింజలు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుంటోంది.

గిన్నెలు సర్దుతున్నప్పుడు అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నీ ముఖం చూస్తే తెలుస్తోంది. నోరు విప్పావో, వాడు మళ్లీ మన గడప తొక్కడు. ఇప్పుడు ఏం పోయింది? ఆ పిల్ల చిన్నది, ఇంకో నలుగుర్ని కంటుంది. దేవుడు నీకివ్వనిది ఇలా ఇచ్చాడనుకో."

నాలుగు రోజులు అలాగే అనుకున్నాను. అబద్ధమెందుకు, పాపకి స్వెటర్ కూడా అల్లడం మొదలుపెట్టాను. బడికి వెళ్లేటప్పుడు జడ ఎలా వెయ్యాలో కూడా ఆలోచించాను. ఆ ఆలోచన మధ్యలో సూదులు పక్కన పెట్టేసేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం స్నానాలగదిలో పాపకి నీళ్లు పోస్తున్నాను. కట్లు ఆ పొద్దునే విప్పేశారు. గులాబీరంగు కొత్త చర్మం మెరుస్తోంది. సెనాయిదా పాప బట్టలు మడిచి పట్టుకుని గడప అవతలే నిలబడింది. లోపలికి రాలేదు.

"మెడ కింద మడతల్లో బాగా తుడవండి వదినా, ఒరిసిపోతుంది. ఎడమవైపు పడుకోబెడితేనే నిద్రపోతుంది."

"ఊఁ."

"ఏడిస్తే మా ఊరి పాట వద్దులెండి, మీ పాటే పాడండి. మళ్లీ నన్ను తలుచుకుంటుంది."

పాప మెడ కింద మరోసారి తుడిచాను.

"ఆయన మీద నాకు కోపం లేదు వదినా. నిజమే కదా, నా దగ్గరుంటే చచ్చిపోతుంది. నేను ఏది తిప్పుతున్నానో నాకే తెలీదు. రాత్రుళ్లు నా చేతులు చూసుకుంటే నాకే భయమేస్తోంది. మీరున్నారు గనక బతికింది." ముంజేతితో ముక్కు తుడుచుకుంది. "మీ కాళ్లకు దండం పెట్టాలి."

ఆమె వంగబోయింది. అది నేను చూడలేకపోయాను. ధైర్యం వచ్చి చెప్పానని అనను.

"ఆ రోజు బాయిలర్ నేను వెలిగించాను" అన్నాను.

ఆమె సగం వంగినది అలాగే ఆగింది.

"అమ్మ అడిగితే తెల్లవారుజామున వెలిగించాను. నీకు చెప్పలేదు. వరసలో గుర్తొచ్చింది, దుకాణంలో గుర్తొచ్చింది, ఫోను చెయ్యలేదు. సాయంత్రం వచ్చి ఆర్పేసి, వేణ్నీళ్లన్నీ వదిలేశాను. తమ్ముడికి తెలియకూడదని."

కేకలు వేస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె నిటారుగా లేచి నిలబడింది.

"అంటే, నేను ఎర్రదే తిప్పాను."

"ఎర్రదే."

"చెయ్యి పెట్టి చూశాను."

"చూశావు. మొదట చన్నీళ్లే వచ్చాయి. నీ తప్పేం లేదు."

పాప నీళ్ల వేళ ఇన్నాళ్లుగా దాటని ఆ గడప దాటి లోపలికి వచ్చింది. నా చేతుల్లోంచి పాపని, నీళ్లు కారుతుండగానే, తీసుకుంది. పాప నా వైపు చెయ్యి చాచింది. ఆమె ఆ చేతిని మెల్లగా మడిచి తన మెడ కిందకు చేర్చుకుంది.

"మీరు బయటికి పొండి వదినా" అంది.

బయటికి వచ్చాను. వెనకాల గడియ పడింది.  తర్వాత కుళాయి తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది. నీళ్ల చప్పుడులోంచి ఆమె గొంతు, పాపతో, ఒకే మాట మళ్లీ మళ్లీ. "అమ్మ చూసే పోసింది తల్లీ. అమ్మ చూసే పోసింది."

నీళ్లతో తడిసిన చేతులు అలాగే పట్టుకుని గోడకానుకున్నాను. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"నువ్వు బయటున్నావేమే? లోపల పాపకి నీళ్లెవరు పోస్తున్నారు?"

"వాళ్లమ్మ" అన్నాను.